నలభై ఏళ్ల ప్రాయంలో వైద్యవిద్య: డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్, గుంటూరుతో ఆమె బంధం

'మొక్కై వంగనిది మానై వంగునా?' అని మన పెద్దలు అంటారు. చదువు విషయంలో ఈ సామెతను మనం మరీ ఎక్కువగా వాడుతూ ఉంటాము. పెండ్లి అయిన స్త్రీ గాని, పిల్లలు ఎదిగిన తల్లి గాని, వితంతువు గాని తిరిగి పుస్తకం పట్టి నర్సు శిక్షణకో, ఉపాధ్యాయ శిక్షణకో వెళ్తానంటే చుట్టుపక్కలవారు నవ్వుతారు. 'ఈ వయసులో నీకెందుకమ్మా?' అంటారు. అయితే వైద్యసేవా చరిత్రను తిరగవేసి చూచినచో, ఈ నవ్వును లెక్కచేయక నడివయసులో బడిమెట్లు ఎక్కిన కొందరు స్త్రీల వల్లనే ఎందరో తల్లుల ప్రాణాలు నిలిచినట్లు తెలుస్తుంది. అటువంటివారిలో ఒకరు డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్. ఆమె తెలుగునేలపై పనిచేయలేదు. కాని ఆమె జీవితం వేసిన విత్తనం గుంటూరులో మొలకెత్తింది. ఆ కథను క్రమంగా చెప్పుకొందాము.

ఎడింబరో నుండి మోంపెల్లియే వరకు

ఆగ్నెస్ 1837లో స్కాట్లాండు దేశంలోని ఎడింబరో నగరంలో జన్మించింది. తండ్రి డంకన్ మెక్‌లారెన్ వర్తకుడు. ఆ నగరానికి ప్రధాన పౌరాధికారిగాను, తరువాత పార్లమెంటు సభ్యుడుగాను పనిచేశాడు. తల్లి ఆమె పసితనంలోనే కన్నుమూసింది. సవతితల్లి ప్రిసిల్లా, ప్రసిద్ధ రాజకీయవేత్త జాన్ బ్రైట్ సోదరి. స్త్రీలకు ఓటుహక్కు కావాలని పోరాడినవారిలో ఆమె ముఖ్యురాలు. ఆగ్నెస్ కూడ ఆ ఉద్యమంలో చేరి పనిచేసింది.

ఆ రోజుల్లో బ్రిటిషు విశ్వవిద్యాలయాలు స్త్రీలకు వైద్యపట్టా ఇచ్చేవి కావు. 1869లో సోఫియా జెక్స్‌బ్లేక్, ఆమె స్నేహితురాండ్రు ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యకు చేరారు. 1870 నవంబరులో వారు పరీక్ష వ్రాయడానికి వెళ్తుండగా అల్లరిమూక అడ్డగించి, బురద చల్లి, ద్వారం మూసివేసింది. 1873లో న్యాయస్థానం కూడ వారికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఆగ్నెస్ ఈ పోరాటమంతా దగ్గరగా చూచింది. జెక్స్‌బ్లేక్‌కు స్నేహితురాలై అండగా నిలిచింది.

అప్పటికి ఆగ్నెస్‌కు ముప్పయి ఆరేండ్లు. ఇంటిలో లోటు లేదు. సమాజంలో గౌరవం ఉంది. సభలు, సమావేశాలు, ఉత్తరప్రత్యుత్తరాలతో కాలం గడపవచ్చు. అయినను తానే వైద్యం నేర్వాలని నిర్ణయించుకొన్నది. స్వదేశంలో తలుపులు మూసి ఉన్నందున దక్షిణ ఫ్రాన్సులోని మోంపెల్లియే పట్టణానికి వెళ్లింది. ఐరోపాలోని అతి ప్రాచీన వైద్య విద్యాలయాలలో అదొకటి. పాఠాలు, పరీక్షలు, సిద్ధాంత వ్యాసం అన్నీ ఫ్రెంచి భాషలోనే. తన వయసులో సగం ఉన్న కుర్రవాండ్ర పక్కన కూర్చొని శరీరశాస్త్రం నేర్చుకొన్నది. అక్కడ ఫ్రాన్సిస్కను మఠకన్యల ఇంటిలో బస చేసింది. అప్పటికి ఆమె కథోలికురాలు కాదు. ప్రెస్బిటేరియను కుటుంబంలో పెరిగిన మనిషి. 1878లో ఆమెకు వైద్యపట్టా లభించింది. 1876 నాటి కొత్త చట్టం ప్రకారం డబ్లిను వైద్యుల కళాశాల స్త్రీలను పరీక్షించడానికి ఒప్పుకొన్నందున, అదే సంవత్సరం అక్కడ కూడ అర్హత సంపాదించింది.

మద్రాసులో ఒక తల్లి

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పక తప్పదు. సరిగ్గా అదే కాలంలో మన మద్రాసులో మరియొక స్త్రీ ఇదే పని చేసింది. ఆమె పేరు మేరీ షార్లీబ్. మద్రాసులో వకీలుగా ఉన్న ఒక ఆంగ్లేయుని భార్య, ముగ్గురు బిడ్డల తల్లి. మగ వైద్యుని ముఖం చూడరాని ఘోషా స్త్రీలు పురుటినొప్పులతో చనిపోతున్నారని విని, ముప్పయ్యవ ఏట, 1875లో మద్రాసు వైద్య కళాశాలలో చేరింది. ఆ కళాశాల చేర్చుకొన్న మొదటి నలుగురు స్త్రీలలో ఆమె ఒకరు. 1878లో ఉత్తీర్ణురాలై, లండనులో పై చదువు ముగించి 1883లో తిరిగి వచ్చింది. 1885లో మద్రాసులో ఘోషా ఆసుపత్రి స్థాపనకు మూలమైనది ఆమెయే. అదే ఆసుపత్రి తరువాత కస్తూరిబా గాంధి ఆసుపత్రి అయింది. మన కోస్తా జిల్లాలు ఆనాడు మద్రాసు రాజధానిలో భాగమే కదా! కాబట్టి ఈ చరిత్రకు మనము పరాయివారము కాము.

డెబ్బది రెండేళ్ల వయసులో భారతదేశానికి

మెక్‌లారెన్ ఫ్రాన్సులోని కాన్ పట్టణంలో చాలాకాలం వైద్యం చేసింది. బీదలను ప్రత్యేకంగా చూచేది. ఎన్నో ఏండ్ల ఆలోచన, ప్రార్థనల పిమ్మట 1898లో, అరువది ఒకటవ ఏట, కథోలిక శ్రీసభలో చేరింది. చాలామంది విశ్రాంతి కోరుకొనే వయసులో ఆమె అసలు పని మొదలైనది.

భారతదేశపు వాయవ్య ప్రాంతంలో పనిచేస్తున్న మిల్‌హిల్ సభ గురువుల ద్వారా అక్కడి ఘోషా స్త్రీల దురవస్థ ఆమె చెవిన పడింది. (అదే మిల్‌హిల్ గురువులు 1875 నుండి మన తెలుగు జిల్లాలలో కూడ వేదబోధ చేశారు.) వైద్యశాల ఉంటుంది, కాని వైద్యుడు పురుషుడు. ఇంటివారు చూపించరు, ఆమె రాదు. బిడ్డ అడ్డం తిరిగినా, రక్తం ఆగకపోయినా ఇంటిలోనే తల్లి ప్రాణం పోవలసినదే. ఈ పరిస్థితి తెలిసి మెక్‌లారెన్ లండనులో ఒక సంఘాన్ని ఏర్పరచి ధనం కూడబెట్టింది. రావల్పిండిలో స్త్రీలకు, పిల్లలకు సెయింట్ కేథరిన్ ఆసుపత్రి స్థాపించింది. 1909లో, డెబ్బది రెండేళ్ల వయసులో, ఓడ ఎక్కి స్వయంగా అక్కడికి వచ్చింది.

వచ్చి చూచిన తరువాత అసలు చిక్కు ఎక్కడున్నదో ఆమెకు బోధపడింది. ఇంగ్లండు నుండి వచ్చే అవివాహిత డాక్టర్లు ఎక్కువ కాలం నిలిచేవారు కాదు. ఏండ్ల తరబడి నిలిచి పనిచేయగలవారు మఠకన్యలు. కాని శ్రీసభ నియమాల ప్రకారం వారు సాధారణ రోగులకు పరిచర్య చేయవచ్చును గాని, వైద్యవృత్తి చేయరాదు, పురుడు పోయరాదు. మఠకన్యల బ్రహ్మచర్య వ్రతానికి అది తగదని ఆనాటి భావన. అంటే ఏ తల్లికి సహాయం అన్నిటికంటె ఎక్కువ అవసరమో, ఆ తల్లి మంచం దగ్గర కన్యాస్త్రీ చేతులు కట్టుకొని నిలబడవలసినదే!

ఆమె కోపంతో శ్రీసభను విడిచిపోలేదు. ఊరక కూర్చోనూ లేదు. రోముకు పలుమార్లు విన్నపాలు పంపింది. నియమం మార్చమని పెద్దలను ప్రార్థించింది. తాను బ్రతికి ఉండగా అది మారలేదు. 1913లో ఫ్రాన్సులో ఆమె కన్నుమూసింది.

ఒక ఉత్తరం, ఒక చిన్న పుస్తకం

ఆమె పని అక్కడితో ఆగిపోయినట్లే కనిపించింది. కాని రెండు చిన్న కాగితాలు ఆ పనిని కొనసాగించాయి.

మొదటిది ఒక ఉత్తరం. ఆస్ట్రియాలోని టిరోలు కొండలలో పుట్టిన ఆన్నా డెంగెల్ అనే యువతి మెక్‌లారెన్‌కు జాబు వ్రాసింది. బ్రిటిషు ఇండియాలో వైద్యం చేయాలంటే బ్రిటిషు అర్హత ఉండాలి, కాబట్టి ఐర్లండులోని కార్క్ నగరంలో చదువుమని మెక్‌లారెన్ సలహా ఇచ్చింది. వారిద్దరు ఎన్నడు ఒకరినొకరు కండ్లతో చూచుకోలేదు. డెంగెల్ కార్క్‌లో చదివి 1919లో పట్టా పొంది, 1920లో రావల్పిండి ఆసుపత్రిలో చేరింది. 1925లో వాషింగ్టన్ నగరంలో మెడికల్ మిషను సిస్టర్ల సభను స్థాపించింది.

రెండవది ఒక చిన్న పుస్తకం. 1915లో ఆస్ట్రేలియా దేశపు మెల్బోర్న్ నగరంలో డాక్టర్ మేరీ గ్లౌరీ అనే వైద్యురాలు మెక్‌లారెన్ జీవితాన్ని గూర్చిన కరపత్రమొకటి చదివింది. భారతదేశంలో తల్లులు, పసిబిడ్డలు దిక్కులేక చనిపోతున్నారన్న సంగతి ఆమెను కుదిపివేసింది. అప్పటికే ఆమె పేరు గడించిన కంటి డాక్టరు. అయినను మరల పుస్తకాలు పట్టి, 1919లో ప్రసూతి, స్త్రీవ్యాధుల శాస్త్రాలలోను, నేత్రవైద్యంలోను పై పట్టా సంపాదించింది. 1920 ఫిబ్రవరి 12వ తేదీన గుంటూరులో అడుగుపెట్టింది. అప్పుడామెకు ముప్పది రెండేళ్లు.

గుంటూరులో యేసు మరియ జోజప్పల సభ (జె.ఎం.జె.) మఠకన్యలు అంతకుముందే వచ్చి ఉన్నారు. గ్లౌరీ ఆ సభలో చేరి సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అనే పేరు ధరించింది. పదిహేనవ బెనెడిక్టు జగద్గురువుల ప్రత్యేక అనుమతితో, కన్యాస్త్రీగా ఉంటూనే వైద్యం చేసింది. చిన్న మందులశాల క్రమంగా సెయింట్ జోసఫ్ ఆసుపత్రి అయింది.

గుంటూరుకు స్త్రీవైద్యం ఆమెతోనే మొదలు కాలేదు. లూథరన్ మిషనుకు చెందిన డాక్టర్ ఆన్నా కూగ్లర్ 1883లోనే గుంటూరు వచ్చి, 1898లో స్త్రీల ఆసుపత్రి తెరచి, 1930లో అక్కడే కన్నుమూసింది. శాఖలు వేరైనా బాధ ఒక్కటే, సేవ ఒక్కటే అని చెప్పడానికి గుంటూరును మించిన సాక్ష్యమేమున్నది?

డాక్టర్ సిస్టరు మేరీ ఒక్కతెయే వేలాది రోగులను చూడజాలదు. అందువలన స్థానిక స్త్రీలకు తానే పాఠం చెప్పి, మందులు కలిపేవారుగా, మంత్రసానులుగా, నర్సులుగా తయారుచేసింది. మన చరిత్రలో ఈ భాగాన్ని మనము తగినంతగా తలచుకోము. మందుసీసా మీద పేరు చదవడం, జ్వరం కొలిచి వ్రాయడం, చేతులు శుభ్రపరచుకొని పురుడు పోయడం - ఇవన్నీ నేర్చినవారు మన తెలుగు స్త్రీలే. వారి పేర్లు శిలాఫలకాలపై లేవు.

మారిన నియమం

1936 ఫిబ్రవరి 11వ తేదీన రోములోని వేదవ్యాపక మహాసంఘం ఒక ఆదేశం వెలువరించింది. వేదవ్యాపక దేశాలలో తల్లుల, శిశువుల ప్రాణరక్షణకై మఠకన్యలు వైద్య, ప్రసూతి విద్యలు నేర్చి సేవ చేయవచ్చునని, చేయాలని కూడ ప్రోత్సహించింది. మెక్‌లారెన్ మరణించి ఇరువది మూడేళ్లయింది. ఆమె అడిగినది చివరకు దక్కింది. తరువాత మన దేశంలో ఎందరో కన్యాస్త్రీలు నర్సు శిక్షణకు, ప్రసూతి శిక్షణకు, వైద్య కళాశాలలకు వెళ్లగలిగారంటే దాని వెనుక ఈ ఆదేశం ఉన్నది.

1943లో సిస్టరు మేరీ చొరవతో కథోలిక ఆసుపత్రుల సంఘం ఏర్పడింది. ఆమె దాని మొదటి అధ్యక్షురాలు. ఆ సంఘపు ముఖ్య కార్యాలయం తరువాతి కాలంలో సికింద్రాబాదుకు వచ్చింది. కథోలిక వైద్య కళాశాల ఒకటి ఉండాలని ఆమె కలగన్నది. 1957లో ఆమె బెంగుళూరులో మరణించింది. ఆరేళ్ల తరువాత, 1963లో, ఆ నగరంలోనే సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ప్రారంభమైనది. 2013లో శ్రీసభ ఆమెను 'దైవసేవకురాలు'గా ప్రకటించింది.

మనకు దీనివల్ల పాఠమేమి?

మొదటిది: ఆలస్యంగా నేర్చిన చదువు వ్యర్థం కాదు. మెక్‌లారెన్ నలభై ఏళ్ల ప్రాయంలో పట్టా పొందింది. ఆ తరువాత ఇంచుమించు ముప్పది ఐదు సంవత్సరాలు పనిచేసింది. పైగా, నడివయసులో చదివేవారికి ఒక విషయం ముందే తెలిసి ఉంటుంది - తాము ఎందుకు చదువుతున్నామో. రోగి మంచం పక్కన రాత్రంతా మేలుకొని కూర్చొన్న తల్లికి, భర్తను సాగనంపిన భార్యకు ఓర్పును గురించి ప్రత్యేకంగా పాఠం చెప్పనక్కరలేదు.

రెండవది: మనస్సు ఉంటే చాలదు, మార్గం కూడ ఉండాలి. ఇది గ్రహించిన తెలుగు మహిళ శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. చిన్ననాటనే పెండ్లి జరిగి, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లి, తరువాత మెట్రిక్ మొదలు న్యాయశాస్త్రం వరకు పట్టుదలతో చదివిన ఆమె, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది. ఆమె కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలుగా ఉండగా, చదువు మధ్యలో ఆగిపోయిన వయోజన స్త్రీలకు సంగ్రహ విద్యా తరగతులు 1958లో మొదలయ్యాయి. ఎన్నో ఏండ్ల పాఠాలను రెండేళ్లలో ముగించి పరీక్ష వ్రాయించడం, ఆపై నర్సు, ఉపాధ్యాయిని, గ్రామసేవిక శిక్షణలకు దారి చూపడం వాటి ఉద్దేశం.

మూడవది, మన సంఘాలకు సంబంధించినది. వయసు మీరినదని ఒక స్త్రీని మన విచారణలో ఎవరైనా వెనుకకు లాగినప్పుడు, ఆమె ఒక్కతెయే కాదు, ఆమె చేతిలో బ్రతుకవలసిన రోగులు కూడ నష్టపోతారు. అటువంటి సోదరి మన మధ్య ఉన్నచో ఆమె బిడ్డలను ఒక పూట చూచుకొందాము. ఆమె పరీక్ష రుసుమును సంఘపు పెట్టె నుండి చెల్లిద్దాము. ఆమె ఆదివారం సాయంకాలం ప్రార్థనా కూటమికి రాలేక పుస్తకం ముందు కూర్చొన్నదంటే తప్పు పట్టక ఆమె కొరకు ప్రార్థిద్దాము.

తాను ఎన్నడు చూడని గుంటూరులో తన పేరు మీద ఒక పని జరుగుతుందని ఆగ్నెస్ మెక్‌లారెన్ కలలోనైనా అనుకొని ఉండదు. విత్తువాడొకడు, కోయువాడొకడు అని ప్రభువు చెప్పినది ఇదే. మనము కోతను చూచి సంతోషించుటతో పాటు, విత్తినవారిని, విత్తడానికి ఆలస్యమైనదని ఆగనివారిని కూడ కృతజ్ఞతతో తలచుకొందుము గాక.