మధ్యగీతకు అటు సగం

డ్రాయింగ్ లోయర్ పరీక్షకు కట్టే పిల్లలకు మొదట నేర్పేది ఒక నిలువు గీత. కాగితం నడిమధ్యన సన్నగా ఆ గీత గీసి, ఎడమవైపు ఒక తీగె, రెండాకులు, సగం పువ్వు వేస్తారు. తర్వాత అదే అంచనాతో కుడివైపు నింపాలి. స్కేలు పెట్టకూడదు, చెయ్యే కొలత. దీన్నే ఫ్రీహ్యాండ్ ఔట్‌లైన్ అంటారు. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం పక్క మాలాంటి పిల్లలకు ఆర్టు కాలేజీ అంటే ఇదే. లోయరు, ఆ తర్వాత హయ్యరు, ఆపైన ఎండాకాలం ట్రైనింగు. అదృష్టం బాగుంటే ఏదో ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు ఉద్యోగం.

నేనూ ఆ గీత గీసినవాణ్ణే. గీసిన కొత్తలోనే రెండు వైపుల నుంచి రెండు మాటలు పడ్డాను. ఊళ్ళో ఒక పెద్దమనిషి నవ్వుతూ "సాయిబులకు బొమ్మలెందుకురా, లారీల మీద పేర్లు రాసుకునేదానికా?" అన్నాడు. ఇంట్లో మా నాన్నీ "తస్వీరాఁ నక్కో బేటా, ఖయామత్ రోజు వాటికి ప్రాణం పొయ్యమంటారు" అని భయపడింది. ఒకరిది ఎగతాళి, ఒకరిది ప్రేమ. చెప్పింది మాత్రం ఒక్కటే: ఈ కాగితం నీది కాదు అని. అది ఎవరిదో వెతుక్కుంటూ పోతే నాకు దొరికిన చరిత్ర ఇది.

మా చిత్తూరు జిల్లా 1953 దాకా మద్రాసు ఏలుబడిలో ఉండింది. మా డ్రాయింగు చదువుకు వేళ్ళూ అక్కడే ఉన్నాయి. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే కంపెనీ సర్జన్ మద్రాసులో సొంతంగా ఒక ఆర్టు స్కూలు తెరిచాడు. తర్వాత ప్రభుత్వం దాన్ని తీసుకుంది. తెల్లవాళ్ళకు అప్పుడు డిజైను మీద పట్టింపు పెరిగింది. 1851 లండన్ ఎగ్జిబిషన్‌లో మన బట్టల ముందు, మన పనితనం ముందు వాళ్ళ మిల్లుసరుకు వెలవెలబోయింది. డిజైను సూత్రాలు వెతికే పనిలో పడ్డారు. వాళ్ళలో ఒకడు ఓవెన్ జోన్స్. అతను స్పెయిన్‌లో గ్రనడా వెళ్ళి, ముస్లిం సుల్తానులు కట్టించిన అల్‌హంబ్రా కోట గోడల మీది అల్లికలను కొలిచి, గీసుకున్నవాడు. 1856లో అతను అచ్చువేసిన అలంకరణల పుస్తకం ఆ కాలపు డిజైను బడులకు పెద్దబాలశిక్ష అయింది. ఒక ఆకును పట్టుకుని దాన్నే తిప్పి, మడిచి, గోడంతా అల్లుకుంటూ పోయే ఆ పనిని యూరపువాళ్ళు 'అరబెస్క్' అన్నారు. అంటే అరబ్బుల తరహా అని. డిజైను క్లాసులో పిల్లలు ఈనాటికీ ఆ మాట వింటారు. అది ఎక్కడి మాటో ఎవరూ చెప్పరు.

అంత దూరం ఎందుకు, మా పాత జిల్లాలోనే శ్రీకాళహస్తి ఉంది. అక్కడ గుడి తెరల మీద రామాయణ, భారత కథలు వేసే పనిని తెలుగులో 'వ్రాతపని' అనేవాళ్ళు. లోకమంతా దాన్ని పిలిచే పేరు మాత్రం కలంకారీ. కలం, కారీ - రెండూ ఫార్సీ నుంచి వచ్చిన మాటలే. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి ఇరాన్‌కు పోయిన అద్దకం బట్టలతోపాటు ఆ పేరు తెలుగునేల మీద స్థిరపడింది. మచిలీపట్నంలో చెక్క అచ్చులతో పూలు, తీగెలు. కాళహస్తిలో వెదురు కలంతో దేవుళ్ళు. కానీ రెండుచోట్లా కరక్కాయ ఒకటే, పటిక ఒకటే, బెల్లంనీళ్ళలో తుప్పు ఇనుము నానబెట్టి తీసిన నలుపు ఒకటే. రంగుకు మతం లేదనడం తేలిక. నేను అనేది అది కాదు. ఒకే పనికి వ్రాతపని, కలంకారీ అని రెండు పేర్లు నిలిచాయంటే, రెండు నోళ్ళు ఆ పని దగ్గర కూచున్నాయని. 1957లో కాళహస్తిలో ప్రభుత్వ శిక్షణ కేంద్రం పెట్టి ఆ విద్యను బతికించారు. మంచిపని. అయితే ఆ పేరులోని ఫార్సీ సగాన్ని పిల్లలకు విప్పి చెప్పే పాఠమేదీ నేను చదవలేదు.

ఇంకొంచెం వెనక్కి పోతే అక్బరు చిత్రశాల కనిపిస్తుంది. ఇరాన్ నుంచి వచ్చిన మీర్ సయ్యద్ అలీ, అబ్దుస్సమద్ అక్కడ ఉస్తాదులు. హమ్జానామా కోసం సుమారు 1400 బొమ్మలు వేయించారు. ఆ పనిలో చెయ్యి కలిపినవాళ్ళలో ఎందరో హిందూ చిత్రకారులు. వాళ్ళలో దస్వంత్ అనేవాడు పల్లకీ మోసే కహారు కొడుకు. గోడల మీద బొమ్మలు గీస్తుంటే అక్బరు చూసి అబ్దుస్సమద్‌కు అప్పగించాడని అబుల్ ఫజల్ రాశాడు. బోయీ కొడుక్కు ఉస్తాదు కలం పట్టించిన బడి అది. రాజుల గొప్ప చెప్పుకోవడానికి కాదు ఇది చెప్పడం. కిందికులాల పిల్లలు, కొత్తగా వచ్చిన ముస్లిం ఉస్తాదులు ఒకే కాగితం మీద వంగి పనిచేశారన్నదే నాకు ముఖ్యం.

మా మదనపల్లెకూ ఈ కథలో చోటుంది. 1915లో అనిబిసెంట్ అక్కడ దివ్యజ్ఞాన కళాశాల పెట్టింది. 1919లో టాగూరు అక్కడే 'జనగణమన'ను ఇంగ్లీషులోకి తెచ్చిన సంగతి అందరికీ తెలుసు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐరిష్ కవి. బెంగాలు చిత్రకళను దక్షిణాదికి పరిచయం చేసినవాళ్ళలో ముఖ్యుడు. 'భారతీయ' శైలి అని పేరుపడ్డ ఆ కళకు పెద్దదిక్కు అవనీంద్రనాథ్ టాగూరు. ఆయనకు పేరు తెచ్చిన బొమ్మల్లో ఒకటి 1902 నాటిది: ఆగ్రా కోటలో కన్నుమూస్తూ తాజ్‌మహల్ వైపు చూస్తున్న షాజహాన్, కాళ్ళ దగ్గర కూతురు జహనారా. మొగలాయి చిత్రాల నుంచి నేర్చుకున్న చెయ్యి అది. భారతీయమని దేన్ని నిలబెట్టారో దాని లోపలే మేమున్నాం. బయట నుంచి వచ్చి తలుపు తట్టడం లేదు.

మరి లోపలున్నవాళ్ళం బయటివాళ్ళమెలా అయ్యాం? బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పైకొచ్చిన ఎం.ఎఫ్. హుసేన్‌ను చూడండి. లారీల మీద పేర్లు రాసే మావాళ్ళ అన్నయ్యలాంటివాడు. రామాయణ, మహాభారతాలు బొమ్మలు కట్టినవాడు. 1996 నుంచి ఆయన మీద కేసులు, 1998లో ఇంటి మీద దాడి. 2006లో దేశం విడిచాడు. 2011లో లండన్‌లో చనిపోయాడు. ఆయన బొమ్మలు నచ్చకపోవడం ఎవరి హక్కయినా కావచ్చు. కానీ 'నీకేం హక్కు' అని అడిగినప్పుడు, ఆ ప్రశ్న బొమ్మను దాటి మనిషి పేరు దగ్గరికి వచ్చింది.

మాలోని మాట కూడా మాట్లాడుకోవాలి. బొమ్మ హరామని పిల్లవాడి చేతిలో పెన్సిల్ లాక్కునే మనమే పెళ్ళికి వీడియో తీయిస్తాం, హజ్ పాస్‌పోర్టుకు ఫోటో దిగుతాం. ప్రాణమున్న రూపం వద్దనుకున్నవాళ్ళు కూడా ఆకును, తీగెను, అక్షరాన్ని పట్టుకుని మసీదు గోడల మీద ఎంత విద్య చూపించారో మరిచిపోయాం. ఆ విద్యకు పునాది మా మాస్టరు గీయించిన ఆ నిలువు గీతే.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. లోయరు క్లాసులో మొదటి రోజు గీత గీయించేటప్పుడు ఈ తీగె ఎక్కెడెక్కడ అల్లుకుంటూ ఇక్కడికి వచ్చిందో పావుగంట చెప్పండి. అల్‌హంబ్రా చెప్పండి, కాళహస్తి చెప్పండి, దస్వంత్‌ను చెప్పండి. పలమనేరు కుమ్మరి బిడ్డా, సాయిబు బిడ్డా పక్కపక్కన కూచుని వినాలి. ఎడమవైపు ఒక్కటే వేసి బొమ్మ పూర్తయిందంటే ఏ పరీక్షలోనూ మార్కులు పడవు. చరిత్రకు మాత్రం ఇన్నాళ్ళూ వేస్తూ వచ్చారు.