సూరజ్ గహన్ నాటి సుపారీ

1980 ఫిబ్రవరి 16, శనివారం. ఆ మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం మన దక్కన్ మీదుగా సాగింది. హైదరాబాద్ దగ్గరి జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో సైంటిస్టులు టెలిస్కోపులు బిగించుకుని కూర్చుంటే, నల్లగొండలో మా నానీమా ఇంట్లో కిటికీలకు దుప్పట్లు కట్టారు. మా చిన్న ఖాలాకు అప్పుడు ఆరు నెలలు నిండాయి. కడుపుతో ఉన్న మనిషి గహన్ వేళ కత్తి పట్టకూడదు, సూది పట్టకూడదు. కానీ నానాజాన్ పాన్ అడిగారు, ఖాలా అలవాటుగా సరోతా తీసి రెండు సుపారీలు కత్తిరించింది. అంతే, ఆమె చేసిన నేరం అదొక్కటే.

మే నెలలో బాబు పుట్టాడు. మాషాఅల్లా, మంచి బొద్దుగా ఉన్నాడు. కానీ కుడి చెయ్యి గుడ్డపేలికలా వేలాడుతోంది. ఖాలా సాస్ ఆ చేతిని చూసి ఒక్క మాట అడిగిందట: "గహన్ నాడు ఏం కోశావే?" ఆ ప్రశ్నకు ఖాలా నలభై ఏళ్లకు పైగా జవాబు చెబుతూనే ఉంది. ఆ బాబు, అంటే మా భాయీజాన్, ఎడమ చేత్తోనే రాయడం నేర్చుకున్నాడు. ఎడమ చేత్తో తింటుంటే దావత్‌లలో తెలియనివాళ్లు టోకేవారు. ఖాలా లేచి వెళ్లి వాళ్లకు సంగతి చెప్పి వచ్చేది.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, ఆ తర్వాత తెలుగు సాహిత్యం. సైన్సు నా సబ్జెక్టు కాదు. అఖ్బార్ పనిలో ఉండగా ఒకసారి మొదటి ప్రపంచ యుద్ధం గురించి రాయాల్సి వచ్చి, జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ ఫొటోలు వరసగా చూశాను. ప్రతి ఫొటోలోనూ ఎడమ చెయ్యి కత్తి పిడి మీదనో, జేబులోనో, గ్లవ్స్ పట్టుకునో ఉంది. అది కుడి చేతికంటే దాదాపు 15 సెంటీమీటర్లు పొట్టి. కారణం చదివాక, భాయీజాన్ చెయ్యి గుర్తొచ్చి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

విల్‌హెల్మ్ 1859 జనవరి 27న బెర్లిన్‌లో పుట్టాడు. తల్లి ఇంగ్లండు మలికా విక్టోరియా పెద్ద కూతురు, వయసు పద్దెనిమిది. ఇంగ్లండు నుంచి అమ్మ డాక్టరును, దాయీని పంపింది. గదిలో జర్మన్ డాక్టర్లూ ఉన్నారు. ఇంతమంది ఉన్నా, బిడ్డ ఎదురుకాళ్ల మీద ఉన్నాడన్న సంగతి వేళ మించాకగానీ తేలలేదు. బెర్లిన్‌లో పేరున్న ప్రసూతి వైద్యుడు ఎడువార్డ్ మార్టిన్‌కు ఖబర్ ఆలస్యంగా అందింది. ఆయన వచ్చి క్లోరోఫామ్ ఇప్పించి, లోపల తల పక్కన పైకెత్తి ఉన్న చేతిని బలంగా కిందికి లాగి బిడ్డను తీశాడు. బిడ్డ ఏడవలేదు. పోయాడనే అనుకున్నారు. తట్టి, రుద్ది ఊపిరి తెప్పించారు. చెయ్యి కదలడం లేదని కొన్ని రోజుల తర్వాత గమనించారు.

మెడ దగ్గర వెన్నుపాము నుంచి బయల్దేరి భుజం కింద నుంచి చేతిలోకి పోయే నరాల గుచ్ఛం ఒకటుంది. కాన్పులో తలా భుజమూ చెరోవైపు గట్టిగా సాగితే ఆ నరాలు లాగుకుపోతాయి, ఒక్కోసారి తెగిపోతాయి. ఫ్రాన్సులో డూషెన్, జర్మనీలో 1874లో విల్‌హెల్మ్ ఎర్బ్ దీన్ని వివరించి రాశారు. అందుకే నేటికీ డాక్టర్లు ఎర్బ్స్ పాల్సీ అంటారు. అంటే ఆ రాకుమారుడు పుట్టినప్పుడు ఆ జబ్బుకు సరైన పేరే లేదు. అప్పుడే కోసిన కుందేలు వెచ్చటి చర్మంలో చేతిని చుట్టారు. కరెంటు పెట్టారు. కదలని చేతిని వాడతాడేమోనని బాగున్న చేతిని ఒంటికి కట్టేశారు. బాద్‌షాల ఇంట ఇలాజ్ ఇదీ. మా నల్లగొండలో భాయీజాన్‌కు పావురం నెత్తురు రాశారు. పెద్ద తేడా ఏముంది?

నిజానికి ఇలాంటి పిల్లల్లో చాలామందికి కొన్ని నెలల్లో చెయ్యి దానంతటదే, రోజూ చేయించే కసరత్తుతో తిరిగొస్తుంది. రానివాళ్లకు మొదటి ఏడాదిలోనే నరాల ఆపరేషన్ సంగతి తేల్చుకోవాలి. తావీజుల కోసం తిరిగిన ఆ ఏడాదే, అఫ్సోస్, వైద్యానికి కూడా అసలు ఏడాది.

ఇక జిమ్మేదారీ ఎవరిది అన్న ప్రశ్న. ఇది కోర్టులతో పుట్టిన ప్రశ్న కాదు, చాలా పాతది. వైద్యం తెలియకుండా వైద్యానికి దిగినవాడు నష్టానికి జామిన్ అవుతాడన్న భావం గల హదీసు అబూ దావూద్, నసాయీ, ఇబ్నె మాజా సంకలనాల్లో ఉంది. ఫుఖహా దాని మీద చాలా చర్చించారు. ఇల్మ్ ఉన్న తబీబ్, రోగి ఇజాజత్‌తో, తన కళ హద్దులు దాటకుండా పనిచేస్తే, ఫలితం చెడినా అతని మీద తావాన్ లేదన్నారు. హద్దు దాటితే ఉంది. క్రీస్తుశకం 931లో బగ్దాద్‌లో ఒక వైద్యుడి పొరపాటుకు రోగి చనిపోతే, ఖలీఫా ముఖ్తదిర్ నగరంలోని వైద్యులందరికీ ఇమ్తిహాన్ పెట్టమని సినాన్ ఇబ్నె సాబిత్‌కు హుకుం ఇచ్చాడు. ఎనిమిది వందల మందికి పైగా కూర్చున్నారట ఆ పరీక్షకు!

అప్పటికి కొన్ని దశాబ్దాల తర్వాత అందలూస్‌లో అబుల్ కాసిమ్ అల్ జహ్రావీ తన కితాబుత్తస్రీఫ్ ముప్ఫయ్యో మఖాలాలో, బిడ్డ అడ్డం తిరిగితే, కాళ్లు ముందొస్తే దాయీ ఏం చెయ్యాలో విడిగా బాబులు రాశాడు. ఔజార్ల బొమ్మలు కూడా గీశాడు. తనకు తెలిసిందంతా దాయీలకు అందాలనుకున్నాడు ఆ మనిషి.

దీనికి పూర్తిగా ఉల్టా ఇంకో కథ ఉంది. ఫ్రాన్సు నుంచి ఇంగ్లండు వలస వచ్చిన ఛేంబర్లెన్ ఖాందాన్ బిడ్డ తలను పట్టి బయటికి తీసే చిమటాలాంటి పరికరం కనిపెట్టింది. ఫోర్సెప్స్ అదే. వంద ఏళ్లకు పైగా ఆ కుటుంబం దాన్ని రాజ్ గానే ఉంచింది. పెద్ద పెట్టెలో మోసుకొచ్చేవారనీ, తల్లి కళ్లకు గంతలు కట్టేవారనీ కథలు కథలుగా చెబుతారు. ఆ వంద ఏళ్లలో ఆ పరికరం లేక పోయిన తల్లుల లెక్క ఎవరు రాశారు? చివరికి 1813లో ఎసెక్స్‌లోని వాళ్ల పాత ఇంట్లో నేల పలకల కింద ఆ ఔజార్లు దొరికాయి. నాకు ఆ కుటుంబం మీద ఇప్పటికీ కోపమే.

విల్‌హెల్మ్ తల్లికి ఇచ్చిన క్లోరోఫామ్‌కు మన హైదరాబాద్‌తో రిష్తా ఉంది. ఆ మత్తుమందుతో అప్పుడప్పుడు ఆపరేషన్ బల్ల మీదే మనుషులు పోయేవారు. గుండె ఆగి పోతున్నారా, ఊపిరి ఆగి పోతున్నారా అన్నది ఝగడా. మీర్ మహబూబ్ అలీ ఖాన్ హయాంలో, ఉర్దూలో డాక్టరీ నేర్పడంతో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్‌కు ప్రిన్సిపల్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ, 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు క్లోరోఫామ్ కమిషన్లు నడిపాడు. ఖర్చు నిజామ్ సర్కారుది. గుండెకు ఖతర్ లేదు, ఊపిరిని చూసుకుంటే చాలు అని తేల్చారు. ఆ స్కూల్లోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫామ్ ఇవ్వడంలో దిట్ట అయ్యింది. కానీ లారీ ఫైసలా సగమే నిజం. క్లోరోఫామ్ గుండెను కూడా ఆపగలదని తర్వాతి శతాబ్దంలో రుజువైంది. పెద్ద పెద్ద కమిషన్లు కూడా ఖతా చేస్తాయి.

చేతి నరాల సంగతి కొంత సులువు, లాగిన చోటే దెబ్బ కనిపిస్తుంది. మెదడు సంగతి అలా కాదు. లండన్‌లో విలియం జాన్ లిటిల్ అనే డాక్టరు (ఆయనకే చిన్నప్పుడు జబ్బుచేసి పాదం వంకరపోయింది) 1861లో, కాళ్లూ చేతులూ బిగుసుకుపోయే పిల్లల్లో చాలామందికి కాన్పు కష్టమైంది, పుట్టగానే ఊపిరి అందలేదు అని చెప్పాడు. నేడు సెరెబ్రల్ పాల్సీ అంటున్నది దీన్నే. 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్, అవును, ఆ కలల ఫ్రాయిడే, మరో కోణం చూపాడు. కడుపులోనే ఏదో దెబ్బ తగిలి ఉంటే, కాన్పు కష్టం కావడం దానికి నతీజా కావచ్చు కదా, దాన్నే కారణం అనడమెందుకు అన్నాడు. చాలాకాలం ఎవరూ వినలేదు. 1980లలో అమెరికాలో వేల పిల్లల రికార్డులు చూసి చేసిన పరిశోధన, ఈ జబ్బులో ఎక్కువ భాగానికి కాన్పు వేళ ఊపిరాడకపోవడం కారణం కాదని తేల్చింది. కొందరికి మాత్రం అదే కారణం. ఎవరికి అన్నది రికార్డులు చెప్పాలి: బిడ్డ గుండె వేగం, ఆపరేషన్ నిర్ణయించిన గంట, పుట్టిన నిమిషంలో, అయిదో నిమిషంలో ఇచ్చిన ఆప్గార్ మార్కులు. ఆ మార్కుల పద్ధతి పెట్టింది న్యూయార్క్‌లోని మత్తు డాక్టరమ్మ వర్జీనియా ఆప్గార్. 1953లో అచ్చయింది.

కాబట్టి డాక్టరు మీద చెయ్యెత్తే ముందు ఆగాలి. బిడ్డ భుజం ఇరుక్కోవడం చాలాసార్లు ముందే తెలియదు. మంచి చేతుల్లో కూడా నరం సాగవచ్చు. కానీ తెలిసే అవకాశం ఉన్నచోట చెప్పకపోవడం వేరే సంగతి. బ్రిటన్ సుప్రీంకోర్టు 2015లో ఇచ్చిన ఒక తీర్పులో తల్లికి షుగర్, ఆమె పొట్టి మనిషి. అలాంటివారిలో బిడ్డ భుజం ఇరుక్కునే ఖతర్ నూటికి తొమ్మిది పది. డాక్టరమ్మ ఆ మాట చెప్పలేదు, చెబితే ఆపరేషన్ అడుగుతుందని. బిడ్డకు మెదడూ చెయ్యీ రెండూ దెబ్బతిన్నాయి. తెలుసుకునే హక్ తల్లిదని కోర్టు అంది. మన ఇళ్లలో షుగర్ లేని ఖాందాన్ ఏదైనా ఉందా? అందుకే ఈ ముకద్దమా గురించి చెబుతున్నాను.

అలాగని అందరూ కత్తికి తల వంచడం జవాబు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద అది 21.5.

మన దేశంలో దారి 1995లో తెరుచుకుంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో, డాక్టరును క్రిమినల్ కేసులో ఇరికించాలంటే మామూలు అజాగ్రత్త చాలదు, ఘోరమైనది కావాలంది. 2015లో మద్రాసు ఎగ్మూరు కేసు. 1996లో అక్కడి సర్కారు దవాఖానాలో నెలలు నిండకుండా, కిలోంపావు బరువుతో పుట్టిన పాప. అలాంటి పిల్లల కళ్లు వేళకు పరీక్ష చెయ్యాలి, చెయ్యలేదు, చెయ్యించమని తల్లిదండ్రులకు చెప్పలేదు. చూపు పోయింది. జాతీయ కమిషన్ 5 లక్షలు ఇమ్మంటే, సుప్రీంకోర్టు మొత్తం సుమారు 1.8 కోట్లు ఇమ్మంది. ఆ ఇన్సాఫ్ వచ్చేసరికి పాపకు పద్దెనిమిదేళ్లు దాటాయి.

ఇవన్నీ కాగితం మీద నిలిచిన కేసులు. మాకు కాగితమే లేదు. భాయీజాన్ పుట్టిన నర్సింగ్ హోమ్ ఇచ్చిన చీటీ మీద 'నార్మల్ డెలివరీ', బరువు, తారీఖు. ఖాలాకు గుర్తున్నది ఇంతే: తల బయటికొచ్చి ఆగిపోయింది, ఒకామె పొట్ట పైభాగాన్ని రెండు చేతులతో నొక్కింది, ఇంకొకరు లాగారు. ఇరుక్కున్న భుజం మీద పైనుంచి అలా నొక్కడం తప్పని ఇవాళ ప్రతి మెడికల్ విద్యార్థికీ నేర్పుతారు. మోకాళ్లు పొట్టకు ఆనేలా తల్లి కాళ్లు మడిచి, పొత్తికడుపు కింద ఎముకకు పైన నొక్కాలి. 1980లో ఆ గదిలో ఉన్నవాళ్లకు ఎంత తెలుసో నేను చెప్పలేను. ఇవాళ అయితే కేస్ షీటు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నియమాల్లో ఉంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే మియాద్ రెండేళ్లు. మన వాళ్లు ఆ రెండేళ్లూ సబర్ పేరుతో, దర్గాల చుట్టూ గడిపేస్తారు. సబర్ చెయ్యండి, కేస్ షీటు కూడా అడగండి.

పోయిన రంజాన్‌లో ఇఫ్తార్ తర్వాత విల్‌హెల్మ్ ఫొటో ఫోనులో ఖాలాకు చూపించాను. ఎరుపెక్కిన కళ్లద్దాలు సవరించుకుని, ఆయన దాచుకున్న చేతినే చూసింది. నరాల సంగతి, భుజం సంగతి నాకొచ్చిన తీరులో చెప్పాను. మధ్యలో ఆపలేదు. భాయీజాన్ అక్కడే కూర్చుని ఎడమ చేత్తో ఖర్జూరం గింజలు ఏరుతున్నాడు. చివరికి ఖాలా అడిగింది:

"వీడి అమ్మను ఏమన్నారు బేటా?"

ఆమెను ఎవరో అనడం కాదు, ఆమే తనను అనుకుందని, ఆమె ఉత్తరాల్లో పదే పదే ఆ చెయ్యి మాటే వస్తుందని చెప్పాను. 

"ఆమె కూడా సుపారీ కోసిందా?"

"లేదు ఖాలా. వాళ్ల ఊళ్లో సుపారీ లేదు."

ఖాలా ఫోను నా చేతికి ఇచ్చేసింది. కాసేపటికి పాన్‌దాన్ దగ్గరికి లాక్కుని, సరోతా తీసి, ఒక సుపారీ నాలుగు ముక్కలు చేసి, ఒకటి భాయీజాన్ ఎడమ చేతిలో పెట్టింది.