అరటికాయ వెనుక ఆకలి కథ: జమైకా, 1780

మొన్న ఇంట్లో అరటికాయ కూర చేస్తుంటే ఈ ఎపిసోడ్ ఐడియా వచ్చింది. చేతికి నూనె రాసుకోకుండా చెక్కు తీశాను. ఇంకేముంది, జిగురు నల్లగా పట్టేసింది, సబ్బుతో రుద్దినా పోలేదు. ముక్కలు మజ్జిగ నీళ్లలో వెయ్యడం మర్చిపోయాను, అవీ నల్లబడ్డాయి. సరే, పచ్చి ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాను. ఒకటే వగరు! పచ్చికాయలో చక్కెర కన్నా పిండి ఎక్కువ. అందుకే దాన్ని ఉడకబెట్టాలి, వేయించాలి, లేదా నిప్పుల మీద కాల్చాలి. అప్పుడే తినగలం.

మనకి ఇది ఒక పూట కూర. ఆవ పెట్టుకుంటాం, వేపుడు చేసుకుంటాం, వాన పడితే బజ్జీలు వేసుకుంటాం. కానీ ఒక చోట ఈ కాయే అన్నం. ఆ చోటే జమైకా. అక్కడి రకాన్ని ప్లాంటెయిన్ అంటారు, మన కూర అరటికి దగ్గరి చుట్టం.

అసలు అమెరికా ఖండాల్లో అరటి లేదు. అది పుట్టింది ఆగ్నేయాసియా, న్యూగినీ వైపు. అక్కడి నుంచి ఆఫ్రికాకి చేరింది. 1516లో ఒక స్పెయిన్ మతగురువు కానరీ దీవుల నుంచి కరీబియన్‌కి అరటి పిలకలు తెచ్చాడని ఆనాటి చరిత్రకారుడు ఒవియేడో రాశాడు. ఆ తర్వాత ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడల్లో కుక్కి బానిసలుగా తెచ్చారు. వాళ్లలో చాలామందికి ఈ కాయ కొత్త కాదు. ఎలా వండాలో, ఎలా దంచి ముద్ద చెయ్యాలో వాళ్లకి ముందే తెలుసు.

1780ల నాటికి బ్రిటిష్ జమైకాలో 2 లక్షల మందికి పైగా బానిసలు ఉన్నారు. మంచి భూమి అంతా చెరకుదే. బానిసల తిండి సంగతి? కొండవాలులో పనికిరాని ముక్క చూపించి, "మీ తిండి మీరే పండించుకోండి" అన్నారు. వారమంతా చెరకు తోటలో చాకిరీ, సెలవు దొరికిన రోజున తమ మడిలో పని. అక్కడ వాళ్లు వేసుకున్న వాటిలో ముఖ్యమైనది ప్లాంటెయిన్. కాయ కోసుకెళ్లి నిప్పుల్లో పడేస్తే భోజనం. గెల కోశాక పక్కన పిలక ఉండనే ఉంది, మళ్లీ విత్తనం కొనక్కర్లేదు.

అయితే అరటికి ఒక బలహీనత ఉంది. అది నిజానికి చెట్టే కాదు. మనం కాండం అనుకునేది ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న ఆకు పొరలు. పెద్ద గాలి వస్తే నిలబడదు. 1780 అక్టోబరులో జమైకా మీద భయంకరమైన తుఫాను వచ్చింది. తర్వాత 1781, 1784, 1785, 1786ల్లో కూడా. పిలక పెట్టి గెల వచ్చేసరికి ఏడాది పడుతుంది. ఇలా ఏడాది తర్వాత ఏడాది తుఫాను వస్తే ఇంక గెల ఎప్పుడు కొయ్యాలి?

మరి బయట నుంచి తిండి తెప్పించొచ్చు కదా? అంతకుముందు ఉత్తర అమెరికా నుంచి ధాన్యం, ఎండు చేపలు వచ్చేవి. వాళ్లు స్వాతంత్ర్యం తెచ్చుకున్నారని 1783లో బ్రిటన్ అమెరికా ఓడల్ని ఈ దీవులకి రానివ్వకుండా ఆపేసింది. కొండ మీద అరటి పడిపోయింది, రేవులో ఓడ ఆగిపోయింది. 1780 నుంచి 1787 దాకా ఆకలితో, దానివల్ల వచ్చిన రోగాలతో సుమారు 15,000 మంది బానిసలు చనిపోయారని జమైకా శాసనసభే లెక్క కట్టింది.

అప్పుడు దొరలు ఏం చేశారు? ఓడల్ని వదిలారా, బానిసలకి మంచి భూమి ఇచ్చారా? లేదు. చవగ్గా కడుపు నింపే ఇంకో చెట్టు కావాలన్నారు. 1787లో తాహితి దీవి నుంచి సీమ పనస మొక్కలు తెమ్మని బౌంటీ అనే ఓడని పంపారు. 1789లో దాని నావికులు కెప్టెన్ బ్లై మీద తిరగబడి, మొక్కల్ని సముద్రంలో పారేశారు. ఆ తిరుగుబాటు మీద హాలీవుడ్ సినిమాలు వచ్చాయి. ఈ 15,000 మంది గురించి మాత్రం ఎవరికీ పెద్దగా తెలీదు. నాక్కూడా మొదట తెలిసింది సినిమా కథే.

బ్లై రెండోసారి వెళ్లి 1793లో సీమ పనస తెచ్చాడు. బానిసలు మొదట్లో దాన్ని పెద్దగా ఇష్టపడలేదు, మాకు ప్లాంటెయినే కావాలన్నారు. తర్వాత కాలంలో అదీ అలవాటైంది. ఇవాళ జమైకా వంటింట్లో రెండూ ఉంటాయి. పచ్చి ప్లాంటెయిన్ ఉడకబెడతారు, జావ కాస్తారు, పండితే ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు.

మనకీ తుఫాన్లు కొత్త కాదు. 1996 నవంబరులో కోనసీమలో కొబ్బరి, అరటి తోటలు ఎలా నేలకూలాయో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, చెప్తారు. గాలి ఎక్కడైనా అరటిని పడగొడుతుంది. కానీ జమైకాలో జనం చచ్చిపోయింది గాలి వల్లే కాదు. వాళ్లకి ఆ ఒక్క కాయ తప్ప ఇంకే దారీ లేకుండా చేసిన మనుషుల వల్ల. నాకు ఈ కథలో అసలు విషయం అదే అనిపించింది.

మీ ఇంట్లో అరటికాయ ఎలా వండుతారో కామెంట్లో రాయండి. చెక్కు తీసే ముందు చేతికి నూనె రాసుకోవడం మాత్రం మర్చిపోకండి.