ఈతగాడు: ఒక పదచరిత్ర

నీటిపై బారలు వేసి సాగిపోవువానిని తెలుగువారు ఈతకాడనియు ఈతగాడనియు పిలుతురు. ఆబాలగోపాలమునకు తెలిసిన మాట యగుటచే దీనిని గూర్చి విచారింపవలసినదేమున్నదని చదువరులకు తోపవచ్చును. కాని నేటి వార్తాపత్రికలను కొన్నిదినములు వరుసగా చూచినచో ఒక విచిత్రము కానవచ్చును. పోటీలో పతకము పొందినవాడు తరచుగా ‘స్విమ్మరు’ అగుచున్నాడు. నదిలో మునిగినవాని శవమును వెదకి తెచ్చువాడు ‘గజ ఈతగాడు’ అగుచున్నాడు. విద్య యొక్కటియే, పేర్లు రెండు. ఈ భేదమెట్లు కలిగెనో తెలియుటకు ఈ పదముయొక్క పుట్టుకను, అది నడచిన త్రోవను కొంత పరిశీలింతము.

ఈ పదమునకు మూలమైన ధాతువు ఈఁదు. తమిళమున దీనికి సమానమైనది నీందు; కన్నడమున ఈజు. తమిళరూపములోని పదాది నకారము తెలుగు కన్నడములలో లోపించినది. ఇట్టి లోపము ఈ యొక్క మాటకే పరిమితము కాదు. తమిళులు ఞండు, నండు అనెడి జలచరమును మనము ఎండ్రి, ఎండ్రకాయ అనుచున్నాము. ఇక పదమధ్యమునందలి అరసున్న, తమిళమున నిండుగా నిలిచిన అనునాసికమునకు గుర్తు. తూంగు, వేండు అను తమిళరూపములకు ఎదురుగా తూఁగు, వేఁడు అని మనము వ్రాయుట యిట్టిదే. ఆ సున్న వ్రాతలోనుండి జారిపోయినను, పూర్వమొకప్పుడు మన పూర్వులు ముక్కుతో పలికిన ధ్వని యొకటి ఇచ్చట నుండెనని అది తెలుపుచున్నది. ఇకమీద సౌకర్యమునకై అరసున్నను విడిచి వ్రాయుదుము.

ఈదు ధాతువునుండి ఏర్పడిన నామము ఈత. అయితే తెలుగున ‘ఈత’ యని వినబడు మాటలు మూడు కలవు. నీటిలో ఈదుట యొకటి. కల్లునిచ్చు చెట్టు రెండవది. తొలి ఈత, మలి ఈత యని పశువుల విషయమున చెప్పునది మూడవది. ఈ మూడింటికిని ఒకే మూలమని భ్రమపడుటకు అవకాశము కలదు. సోదరభాషలు ఆ భ్రమను తొలగించుచున్నవి. తమిళమున నీటి ఈతకు మూలము నీందు, చెట్టు ఈందు, పశువుల ఈతకు మూలము ఈన్. కన్నడమున ఈజు, ఈచలు, ఈను అని మూడును వేరువేరుగనే యున్నవి. కావున మూడు భిన్నపదములు తెలుగున ధ్వనిమార్పులచే ఒక్కరూపమున కలిసినవని నిశ్చయింపవచ్చును. ఈతచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లే యందురను సామెతకును ఈతగానికిని సంబంధము లేదు.

ఇక ప్రత్యయము. వేటకాడు, ఆటకాడు, పాటకాడు, విలుకాడు, చెలికాడు మొదలగు పదములలోని ‘కాడు’ ప్రత్యయమే ఈతకాడు అనుచోట చేరినది. వ్యవహారమున కకారము గకారమై ఈతగాడు నిలిచినది. ఈ ప్రత్యయము ఒకపనిని ఎప్పుడో యొకసారి చేసినవానికి చేరదు. ఒక్కదినము పాడినవాడు పాటకాడు కాడు. ఆ పనియందు నేర్పును అలవాటును కలవానికే అది చెల్లును. కావున ‘ఈదువాడు’ వేరు, ‘ఈతకాడు’ వేరు. మొదటిది క్రియను మాత్రము చెప్పును. రెండవది విద్యను చెప్పును. స్త్రీవాచకమున వేటకత్తె, చెలికత్తె అనువాని పోలికను ఈతకత్తె యని యేర్పడుటకు భాషయందు అడ్డేమియు లేదు. అయినను నేడు ఆ రూపము వినబడుట మిక్కిలి అరుదు.

‘గజ ఈతగాడు’ అనునది మరింత ఆసక్తికరము. ఇందలి గజశబ్దము లోతును కొలుచు గజమేమో యని కొందరికి తోపవచ్చును. గజదొంగ, గజనిమ్మ అను మాటలను చూచినచో ఆ యూహ నిలువదు. దొంగను గాని నిమ్మపండును గాని గజములతో కొలుచువారు లేరు. ఈ మూడుచోట్లను ఏనుగును తెలుపు శబ్దమే ‘పెద్ద, మేటి’ యను నర్థమున విశేషణమైనదని మేము భావించుచున్నాము. ఏనుగు స్వయముగా మంచి ఈతగత్తె యగుట ఈ యర్థమునకు మరికొంత బలమిచ్చియుండవచ్చును. కౌటిల్యుని అర్థశాస్త్రము సేనలు నదులు దాటు సాధనములను చెప్పుచు ఏనుగులను, తోలుసంచులను, సొరకాయబుర్రలను గూడ పేర్కొన్నది. సంస్కృతశబ్దమును విభక్తి లేక తెలుగుపదమునకు ముందు నిలుపుటయు, సంధి చేయక విడిగా పలుకుటయు వైయాకరణులకు రుచింపకపోవచ్చును. జనులు వ్యాకరణము నడిగి ఈ మాటను కల్పింపలేదు. ఏటి లోతునుండి పైకి వచ్చినవానిని చూచి కల్పించిరి.

అర్థశాస్త్రములోని ఆ సొరబుర్ర మన పల్లెలను మొన్నమొన్నటివరకు విడువలేదు. మా బాల్యమున నడుమునకు ఎండిన సొరబుర్రయో జీలుగుబెండో కట్టి పిల్లలను బావిలోనికి దింపెడివారు. కొన్నాళ్లకు బెండు విప్పెడివారు. మాకు నేర్పిన పెద్ద ఒకరు చెప్పకయే విప్పివేసి, మేము ఆవలి మెట్టును పట్టుకొనిన పిదప దానిని ఎత్తి చూపిరి. నీట దిగనిదే ఈత రాదను మాట అట్టి బావిగట్టున పుట్టినదే కాని గ్రంథములలో పుట్టినది కాదు. కుక్కతోక పట్టుకొని గోదావరి ఈదినట్లు అను సామెత, ఆధారము కానిదానిని ఆధారముగా నమ్మువానిని ఎత్తిచూపును. ఈతకు మించిన లోతు లేదను సామెతలో ఈతగాని ధైర్యమంతయు ఇమిడియున్నది. తలమునిగిన పిదప నీరు రెండు నిలువులైననేమి, ఇరువది నిలువులైననేమి?

ఈ ధాతువు లాక్షణికముగా ప్రయోగింపబడిన తీరు మరింత విచారింపదగినది. సంస్కృతమున తౄ ధాతువునకు తేలుట, దాటుట అను రెండర్థములును కలవు. దానినుండియే తరణము, తీర్థము, అవతారము మున్నగునవి పుట్టినవి. మనము తరించుట యనునదియు దానినుండి వచ్చినదే. పారంగతుడనగా ఆవలి యొడ్డు చేరినవాడు. నిష్ణాతుడనగా బాగుగా స్నానమాడినవాడు. విద్వాంసులను ప్రశంసించునపుడు ఈ రెండును సులభముగా వాడుచున్నాము. పాదము తడియని మావంటి వారును వానిని సంతోషముగా స్వీకరించుచున్నాము. తెలుగు ఈదు ధాతువు ఇట్టి పదవిని పొందలేదు. సముద్రము ఈదవచ్చును గాని సంసారము ఈదలేమని సామెత. ఏటికి ఎదురీదుట యనగా కష్టములతో పెనగులాడుట. తరించినవాడు ఒడ్డు చేరినవాడు; ఈదువాడు ఇంకను నీటిలోనే యున్నవాడు. సంస్కృతపదము ఫలమును చూచినది, తెలుగుపదము శ్రమను చూచినది. నలుగురు పిల్లలను పెంచిన తల్లి ‘ఎట్లో ఈదుకొని వచ్చితిని’ అనునప్పుడు, ఆ మాటకు బదులుగా ‘తరించితిని’ అని పెట్టి చూచినచో ఈ భేదము స్పష్టమగును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో దేవీపట్నము మండలము కచ్చులూరువద్ద విహారపు పడవ మునిగినపుడు, సమీప గ్రామస్థులు నాటుపడవలతో వచ్చి 26 మందిని కాపాడిరి. మునిగిన పడవను కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందము, నీటి అడుగునకు దిగిన గజ ఈతగాండ్ర తోడ్పాటుతో, అక్టోబరు 22న వెలికి తీసినది. పుష్కరములలో స్నానఘట్టములకడ నిలుచువారును గజ ఈతగాండ్రే. వీరి పేరు పత్రికలలో ఎప్పుడును బహువచనమున, పేరులేని గుంపుగా కానవచ్చును: ‘గజ ఈతగాళ్లు గాలించుచున్నారు’. మరియొక వంక, హైదరాబాదువాసి గోలి శ్యామలగారు 2021 మార్చిలో శ్రీలంకయందలి తలైమన్నారునుండి ధనుష్కోటి తీరమువరకు సుమారు 30 కిలోమీటర్లు సముద్రమును ఈదిరి. ఇట్టివారిని గూర్చి వ్రాయునపుడు కలమునకు ముందుగా అందునది ‘స్విమ్మరు’ అను మాటయే.

దీనికి కారణము ఆంగ్లవ్యామోహ మొక్కటియే యనుట సులభము. అది పూర్తిసత్యము కాదు. వ్యాకరణకారణము గూడ కలదు. ‘కాడు’ చివర నున్న డువర్ణకము నేటి తెలుగున గౌరవమునకు చాలదు. పేరు చివర చేర్చి తక్కువగా పిలుచు ‘గాడు’ తోడి ధ్వనిసామ్యము దానిని మరింత దించినది. ‘ఈతగాడుగారు’ అనుట కుదరదు. ‘ఈతకత్తెగారు’ అనుట అంతకన్న కుదరదు. కావున గౌరవింపవలసినవారు వచ్చినపుడు భాష వేరొక మాటను వెదకుకొనినది. గౌరవింపనక్కరలేదని తలచినవారికి పాతమాటను మిగిల్చినది. ఈ రెండవ వాక్యమే మమ్ము బాధించుచున్నది. విద్యను తెలుపుటకై పుట్టిన ప్రత్యయము, ఆ విద్యతో ప్రాణములను కాపాడువారికడకు వచ్చుసరికి చిన్నచూపునకు గుర్తగుట న్యాయము కాదు.

కన్నడిగులు ఈజుగార, ఈజుగార్తి అను తమ మాటలనే పోటీలలో నెగ్గినవారికిని వాడుచున్నారు. ఈజుపటు అనియు అనుచున్నారు. వారి మాటకు తగ్గని గౌరవము మన మాటకు తగ్గవలసిన నియమము లేదు. మొనగాడు అనునప్పుడు ఎవరును చిన్నబుచ్చుకొనరు, ప్రత్యయము అదియే. ప్రయోగమే పదమునకు గౌరవమిచ్చును, ప్రయోగమే తీసివేయును. పతకము పొందినవారిని గూర్చి ఒక్కసారి ‘మేటి ఈతగాడు’ అనియు ‘మేటి ఈతకత్తె’ యనియు వ్రాసినచో, గోదావరి యడుగున చేతులతో తడవుచు వెదకు ఆ పేరులేని మనుష్యునకును ఆ గౌరవములో పాలు చేరును. పదము ఒక్కటియే యగుటవలని ప్రయోజనమిదియే.