సైడు ఇవ్వడం: తిరుమల ఘాట్‌రోడ్డు, పలమనేరు రహదారి – ఒక చారిత్రక పరిశీలన

ఎదుటి బండికి దారి విడవడాన్ని తెలుగు డ్రైవర్లు ‘సైడు ఇవ్వడం’ అంటారు. చట్టం దీనిని విధిగా నిర్దేశిస్తే, వాడుక దీనిని ఇచ్చేవాడి మంచితనంగా లెక్కిస్తుంది. సైడు ఇచ్చినవాడికి చేయెత్తి కృతజ్ఞత చెప్పడం, ఇవ్వనివాడిని తిట్టుకోవడం ఈ భావనకు నిదర్శనాలే. అయితే సైడు ఎవరికి ఇవ్వాలి? దక్షిణ రాయలసీమలోని రెండు రోడ్లు ఈ ప్రశ్నకు రెండు భిన్నమైన సమాధానాలు ఇచ్చాయి. ఒకటి తిరుపతి నుంచి తిరుమలకు ఎక్కే ఘాట్‌రోడ్డు. రెండవది చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా కర్ణాటకలోని ముళబాగిలు వైపు సాగే జాతీయ రహదారి. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి, రోడ్డు మర్యాద మనుషుల మధ్య స్థిరపడిన తీరును, అడవి జంతువు దగ్గర అది ఆగిపోయిన కారణాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1944 ఏప్రిల్ 10న మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ తిరుమల మొదటి ఘాట్‌రోడ్డును ప్రారంభించారు. అంతవరకు కొండకు కాలినడకే దారి, నడవలేనివారికి డోలీ. సుమారు 19 కిలోమీటర్ల ఈ రోడ్డులో 36 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయి. మూడు దశాబ్దాలపాటు ఎక్కే బండి, దిగే బండి ఈ ఒక్క రోడ్డు మీదనే ఎదురుపడ్డాయి. ఇరుకైన కొండదారిలో దిగే బండి పక్కకు ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలన్నది దేశమంతటా పాటించవలసిన నియమం. 1989 నాటి రోడ్డు నియమాలు దీనిని స్పష్టంగా పేర్కొన్నాయి. వాటి స్థానంలో వచ్చిన 2017 నిబంధనలు కూడా దీనిని కొనసాగించాయి. ఎత్తు మీద ఒకసారి ఆగిన బండిని బరువుతో మళ్లీ కదిలించడం కష్టం కాబట్టి పుట్టిన మర్యాద ఇది. దీనికి మూలం దయ కాదు, ఇంజను శక్తి.

1974లో రెండవ ఘాట్‌రోడ్డు వాడుకలోకి వచ్చింది. ఆరు హెయిర్‌పిన్ మలుపులున్న కొత్త రోడ్డు ఎక్కడానికి, పాతది దిగడానికి కేటాయించారు. దీనితో ఎదురెదురు ప్రయాణం ముగిసింది. ఎదురుబండికి సైడు ఇచ్చే అవసరమే పోయింది. ప్రమాదాలు తగ్గించడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు. కానీ ఆ మేరకు డ్రైవరు విచక్షణకు ఉన్న చోటు కూడా తగ్గిందని గుర్తించాలి. 2021 డిసెంబరులో భారీ వర్షాల తరువాత బండరాళ్లు పడి ఎక్కే రోడ్డు దెబ్బతిన్నప్పుడు, దిగే రోడ్డు మీదనే రెండు దిశల వాహనాలను నియంత్రిస్తూ పంపవలసి వచ్చింది. అప్పటికి ఒక తరం డ్రైవర్లు ఆ కొండమీద ఎదురుబండిని చూడనే లేదు.

విచక్షణ ఖాళీ చేసిన చోటును దేవస్థానం గడియారంతో నింపింది. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నియమం పెట్టి, తనిఖీ కేంద్రంలో సమయం గుర్తించిన చీటీ ఇచ్చి, అవతలి చివర దానిని సరిచూసే పద్ధతి తెచ్చింది. ముందుగా చేరడమే ఇక్కడ తప్పు. అర్ధరాత్రి దాటాక కొన్ని గంటలపాటు రోడ్డు మూసివేస్తారు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఒక బాలిక మరణించాక, రాత్రివేళ ద్విచక్రవాహనాల మీద ఆంక్షలు వచ్చాయి. వేగ నియమం మలుపుల్లో ప్రయాణికుల కోసం పుట్టింది. ఆంక్షలు జంతువు నుంచి మనిషిని కాపాడటానికి వచ్చాయి. అయినా 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం గుండా సాగే ఈ రోడ్ల మీద దుప్పికి, దేవాంగపిల్లికి, బంగారు బల్లికి కొంత ఊరట దక్కిందంటే, అది ఆ నియమాల ఉద్దేశం కాదు, అనుకోని ఫలం. రోడ్డుకు యజమాని ఒక్కరే కావడం, రెండు చివరలా గేటు ఉండడం వల్లనే ఇది సాధ్యమైంది.

పలమనేరు రహదారికి అలాంటి గేటు లేదు. ముంబయి, బెంగళూరు, చెన్నై నగరాలను కలిపిన పాత 4వ నంబరు జాతీయ రహదారిలో ఇది ఒక భాగం. వాహనం ‘వీలైనంత’ ఎడమకు నడపాలన్నది 1989 నియమాల్లో మొదటిది. ఆ ‘వీలు’ను నిర్ణయించేది డ్రైవరే. ఎడమ అంచున ఆగిన బండ్లు, రాంగ్‌రూట్లో వచ్చే మోటారుసైకిళ్లు, మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరే ట్రాక్టర్లు ఉంటాయి. అందుకని బరువు లారీ డివైడరు పక్కనే నిదానంగా సాగుతుంది. వెనుకవాడు ఎడమనుంచి దూసుకుపోతాడు. దీనిని క్రమశిక్షణ లేమి అని తీసిపారేయడం తేలిక. ఎడమ వరుసను ఖాళీగా ఉంచలేని రోడ్డు నిర్వహణకు కూడా ఇందులో వాటా ఉంది.

ఈ ప్రాంతానికి ఏనుగులు 1980లలో తిరిగి వచ్చాయి. సుమారు రెండు శతాబ్దాల విరామం తరువాత పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి అవి పలమనేరు, కుప్పం అడవులకు చేరాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. కందకాలు, సౌర విద్యుత్ కంచెలు వచ్చాయి. అవి ప్రధానంగా పంటల రక్షణకు ఉద్దేశించినవి. రోడ్డు దాటే చోటు గురించి ఆలోచన వెనుకబడింది. 2023 జూన్‌లో ఒక రాత్రి పలమనేరు సమీపంలో రహదారి దాటుతున్న మూడు ఏనుగులు కూరగాయల లోడు వాహనం ఢీకొని మరణించాయి. వాటిలో రెండు గున్నలు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 132వ సెక్షను ఇక్కడ పరిశీలించదగినది. ప్రమాదం జరిగినప్పుడు పోలీసు అధికారి కోరితే డ్రైవరు బండి ఆపాలి. జంతువు బెదిరి అదుపు తప్పుతుందని దానిని నడిపించే మనిషి భయపడి ఆపమన్నా ఆపాలి. ‘జంతువు’ అంటే గుర్రం, పశువు, ఏనుగు, ఒంటె, గాడిద, కంచరగాడిద, గొర్రె, మేక అని ఆ సెక్షను నిర్వచించింది. బ్రిటన్ 1930 నాటి రోడ్డు రవాణా చట్టంలోనూ ఇలాంటి జాబితాయే ఉంది. అందులోని పంది, కుక్క మన జాబితాలో లేవు, ఇక్కడి ఏనుగు, ఒంటె అందులో లేవు. రెండింటిలోనూ ఉన్నవి మనిషి పెంచుకునే, లేదా పనిచేయించుకునే జంతువులే. శేషాచలం దుప్పి, చిరుత, కోతి ఈ నిర్వచనంలోకి రావు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 వాటికి రక్షణ ఇస్తుంది, నిజమే. కానీ అది వేటను దృష్టిలో ఉంచుకొని రాసిన చట్టం, డ్రైవరు చేతిలోని స్టీరింగును కాదు.

ఏనుగు పేరు జాబితాలో ఉన్నా, అక్కడ ఊహించినది ప్రధానంగా మావటి ఉన్న ఏనుగునే. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం 4 కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికోసం శిబిరం ఏర్పడింది. పంటల మీదికి వచ్చే అడవి ఏనుగులను తిరిగి అడవిలోకి తరమడం ఈ కుంకీల పని. కుంకీ రోడ్డు దాటేటప్పుడు బెదురుతుందని తోచి మావటి చేయెత్తితే 132వ సెక్షను ప్రకారం లారీ ఆగవలసిందే. ఆ కుంకీ తరిమిన ఏనుగు అదే రోడ్డు దాటేటప్పుడు, దాని తరఫున చేయెత్తే మనిషి ఆ సెక్షనులో లేడు.