ప్రాజెక్టు ముగిశాక విత్తనం ఎవరింట్లో ఉంది? జయపురం–అరకు కొండల్లో పంటల వైవిధ్య పరిరక్షణను అంచనా కట్టడం గురించి

తూర్పు కనుమల పంటల వైవిధ్యం మీద వచ్చే రచనల్లో రెండు అంకెలు తరచూ పక్కపక్కన కనిపిస్తాయి. 1955–59 మధ్య కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థ ఒడిశాలోని జయపురం ప్రాంతమంతా తిరిగి సేకరించిన వరి నమూనాలు 1,745. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అదే ప్రాంతంలోని కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించినప్పుడు ఆ సంస్థ పత్రాల్లో నమోదైన నాటు వరి రకాలు 340. ఆ గుర్తింపు పత్రాన్ని 2012 జనవరిలో భువనేశ్వర్ సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ అందజేశారు. మొదటి అంకెలోంచి రెండోదాన్ని తీసేసి, అరవై ఏళ్లలో ఇంత పోయిందని చెప్పడం తేలిక. కానీ ఆ తీసివేత చెల్లదు. 1,745 అన్నది సేకర్తలు కట్టిన పొట్లాల లెక్క. ఒకే వరి పది ఊళ్లలో దొరికితే పది పొట్లాలవుతుంది. 340 అన్నది రకాల లెక్క. రకాలు తగ్గిన మాట నిజమే. ఎంత తగ్గాయో మాత్రం ఈ రెండు అంకెలు కలిసి చెప్పలేవు.

ఇది పాత లెక్కల్లోని చిన్న పొరపాటని వదిలేయలేం. పొలంలోనే వైవిధ్యాన్ని కాపాడతామని మొదలైన ప్రాజెక్టులు ముగిసేటప్పుడు తమను తాము కొలుచుకునేది ఎక్కువగా ఈ కొలబద్దతోనే. ఎన్ని రకాలు సేకరించాం, ఎన్ని విత్తన బ్యాంకులు తెరిచాం, ఎంతమందికి శిక్షణ ఇచ్చాం అని లెక్క చెబుతాయి. ఈ అంకెలు సిబ్బంది శ్రమను కొలుస్తాయి. రైతు చేసే పనిని కొలవాలంటే అడగాల్సింది వేరు: ప్రాజెక్టు జీపు రావడం మానేసిన మూడో ఏడాది, నాలుగో ఏడాది, ఆ విత్తనాన్ని ఎవరు చల్లారు, ఎవరి దగ్గర తెచ్చుకుని చల్లారు?

అరకు గురించి రాస్తూ జయపురంతో మొదలుపెట్టడానికి కారణముంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యే దాకా జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లాలోదే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చేయూతనిచ్చిన విక్రమదేవ వర్మ జయపురమే అది. పొరజలు, గదబలు, కోందులు, కోటియాలు వంటి గిరిజనులు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నారు. సామ, చోడి, కంది, వలిసె కలిపి చల్లే కొండపోడు రెండు వైపులా ఉంది. చైత్రంలో ఇటుకల పండుగకు విత్తనాన్ని దేవుడి ముందు పెట్టి, ఆ తర్వాతే పొలానికి తీసుకెళ్లే ఆనవాయితీ అరకు, పాడేరు ఊళ్లలో ఇంకా నడుస్తోంది.

ఈ కొండల్లో బాగా పేరున్న పరిరక్షణ ప్రయత్నం ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థది. జయపురం కేంద్రంగా 1990ల నుంచి ఊరి విత్తన బ్యాంకులు పెట్టించింది, రైతులతో కలిసి రకాల ఎంపిక చేయించింది. 2002లో జోహానెస్‌బర్గ్‌లో జయపురం రైతులకు ఈక్వేటర్ పురస్కారం దక్కింది. వారిలో ఒకరైన పాత్రపుట్ గ్రామస్థురాలు కమలా పూజారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. ఆమె 2024 జులైలో కన్నుమూశారు. ఈ కృషిలో ముందు చెప్పుకునే పంట కాలాజీర, నల్లటి పొట్టు, సువాసన ఉన్న వరి. 2024 జనవరిలో కొరాపుట్ కాలాజీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కాలాజీర బతికింది, సందేహం లేదు. అయితే అది దేనికి రుజువు? సువాసన ఉంది, పట్నంలో కొనేవారున్నారు, ధర పలుకుతుంది. అలాంటి రకాన్ని సంత కాపాడగలదని రుజువైంది. మిగతా మూడు వందల ముప్పై తొమ్మిదికి ఆ అదృష్టం లేదు. పైగా సంతకు పంపాలంటే గింజంతా ఒకేలా ఉండాలి. అందుకోసం విత్తనాన్ని శుద్ధి చేస్తారు, తేడాగా కనిపించిన వెన్నుల్ని ఏరేస్తారు. నాటు రకం బలమే ఆ తేడాల్లో ఉంది. ఒక మడిలో కొన్ని మొక్కలు ముందు ఈని, కొన్ని వెనకబడితే ఒక్క వాన తప్పినా పంటంతా పోదు. శుద్ధి చేసిన కాలాజీరకు ధర పెరుగుతుంది, లోపలి వైవిధ్యం తరుగుతుంది. రకాల జాబితాలో మాత్రం అది ఎప్పటిలాగే ఒక రకంగానే ఉంటుంది. జాబితాను నమ్మే మూల్యాంకనానికి ఈ నష్టం కనబడదు.

నేపాల్‌లో జుమ్లా, కాస్కి, బారా ప్రాంతాల్లో ఇలాంటి ప్రాజెక్టు నడిపినవారు నాలుగు గళ్ల పద్ధతిని వాడారు. ఊరివాళ్లను కూర్చోబెట్టి ఒక్కో రకాన్నీ ఎక్కువ ఇళ్లవాళ్లు వేస్తారా తక్కువ ఇళ్లవాళ్లా, పెద్ద చెక్కలో వేస్తారా చిన్న చెక్కలోనా అని అడిగి నేల మీద గీసిన గళ్లలో పెట్టిస్తారు. ఖర్చు లేని పని, చదువు రానివారూ చేయగలిగిన పని. నా దృష్టిలో దీని అసలు విలువ ఒకసారి చేయడంలో కన్నా, మొదట్లో చేసి కొన్నేళ్లకు అదే ఊళ్లో మళ్లీ చేయడంలో ఉంది. తక్కువ ఇళ్లు, చిన్న చెక్క అన్న గడిలోని రకాలే ఆపదలో ఉన్నవి. అందులోంచి కొన్నయినా పక్క గడిలోకి జరిగితే ప్రాజెక్టు పనిచేసినట్టు. గడి ఖాళీ అయి, ఆ రకాలు విత్తన బ్యాంకు సీసాల్లో మాత్రమే మిగిలితే పని చేయనట్టు.

సీసాల గురించి ఒక మాట. చోడి, సామ గింజలు పొడిగా ఉంటే కొన్నేళ్లు మొలకెత్తుతాయి. నూనెగింజ అయిన వలిసెకు అంత ఓపిక లేదు. తేమ, వేడి ఉన్న గదిలో వరి కూడా త్వరగా చచ్చిపోతుంది. పేరు చీటీతో అందంగా అలమరలో నిలబడ్డ సీసాలో బతికున్న విత్తనం ఉందో లేదో తెలియాలంటే వంద గింజలు తడిగుడ్డలో చుట్టి వారం ఆగితే చాలు. ముగింపు నివేదికల్లో ఈ పరీక్ష ఫలితాల పట్టిక ఎందుకు తప్పనిసరి కాలేదో నాకు అంతుపట్టదు.

మార్పుకు కారణం ప్రాజెక్టేనా అన్నది మరింత కష్టమైన ప్రశ్న. వైవిధ్యం ఉన్న ఊళ్లనే ప్రాజెక్టులు ఎంచుకుంటాయి. ఆ ఊళ్లలో ఆఖరున వైవిధ్యం కనబడితే ఆ ఘనత ప్రాజెక్టు ఖాతాలో పడుతుంది. ఆండీస్ పర్వతాల్లో ముగిసిన ఇలాంటి ప్రాజెక్టులను బెల్లాన్, గొటోర్, కరాచ్చియోలో మూల్యాంకనం చేసి 2015లో ప్రచురించారు. పాల్గొన్న కుటుంబాలను పాల్గొనని కుటుంబాలతో పోల్చి చూసే దారి వారిది. మన కొండల్లో ఆ పోలికకు అడ్డుపడే శక్తులు చాలా ఉన్నాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక సామన్నం తినాల్సిన అవసరం తగ్గింది. ఆ పైన సిల్వర్ ఓక్ నీడలో కాఫీ పోడు నేలల్ని ఆక్రమించింది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వలిసె చేలకు మాత్రం ఊహించని ఆదాయం దొరికింది: పచ్చగా పూసిన చేనులో ఫొటో దిగడానికి పర్యాటకులు ఇచ్చే పది, ఇరవై రూపాయలు. ఏ పరిరక్షణ పథకమూ దీన్ని ముందుగా ఊహించి ఉండదు.

అసలు సామ వెనకబడింది విత్తనం దొరక్కేనా? దాని పొట్టు గట్టిది. దంచి, చెరిగి, మళ్లీ దంచాలి, అదంతా ఆడవాళ్ల పని. తూర్పు కనుమల దక్షిణ కొసన తమిళనాడులోని కొల్లి కొండల్లో కర్రపెండలం చిరుధాన్యాలను నెట్టేసిన సంగతి చూసి, స్వామినాథన్ సంస్థే అక్కడ విత్తనంతో పాటు చిన్న మిల్లుల మీద కూడా దృష్టి పెట్టింది. అది సరైన నిర్ధారణ. ఊళ్లో మిల్లు పనిచేస్తోందా, చెడిపోతే బాగుచేసే డబ్బు ఎవరిది అన్న రెండు ప్రశ్నలు, నా అభిప్రాయంలో, శిక్షణ పొందిన రైతుల సంఖ్య కన్నా ఎక్కువ చెబుతాయి.

2017 తర్వాత సరిహద్దు ఒక అవకాశం కల్పించింది. ఒడిశా మిల్లెట్ మిషన్ కొరాపుట్ వైపు చోడిని మద్దతు ధరకు కొని, రేషన్‌లోకి తెచ్చింది. ఆంధ్ర వైపు 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయం కార్యక్రమం నవధాన్యాలు చల్లిస్తోంది. నేల, వాన, జనం చాలావరకు ఒకటే, విధానం వేరు. ముంచంగిపుట్టు, డుంబ్రిగుడ మండలాల ఊళ్లను అవతలి పొట్టంగి, నందపూర్ ఊళ్లతో పోల్చి చూస్తే ఏది దేనివల్లో కొంత విడదీయవచ్చు. రెండు వైపులా జాగ్రత్త అవసరమే. కేంద్రం మద్దతు ధర ప్రకటించే చిరుధాన్యాలు జొన్న, సజ్జ, చోడి మాత్రమే, సామకు లేదు. చోడి విస్తీర్ణం పెరుగుదలను గెలుపుగా రాసే ముందు ఆ పెరుగుదల సామ చెక్కల్ని మింగిందేమో చూడాలి. ఇటు నవధాన్యాల చేలో పది పదిహేను జాతుల మొక్కలు లెక్కకు వస్తాయి, కాని ఆ విత్తనం కిట్టుగా అందిందయితే అది ఊరి వైవిధ్యమని రాయకూడదు. కిల్లోగుడలో సంజీవిని సంస్థ జరిపే పాత పంటల పండుగల్లో రైతులు తమ మూటల్లోంచి తీసి పెట్టే గింజ వేరు, కిట్టు గింజ వేరు.

మూల్యాంకనం చేసే నెల కూడా ఫలితాన్ని మారుస్తుంది. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చిలో ఊరికెళితే పంట ఇంటికి చేరి, అన్ని గింజలూ చేతికందేలా ఉంటాయి. మే, జూన్‌లో వెళితే తినగా మిగిలిందేదో తెలుస్తుంది. ఇంకా గట్టి పరీక్ష చెడ్డ ఏడాది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటి, అరకులో కాఫీ మీదికి సిల్వర్ ఓక్ చెట్లను కూల్చింది. అలాంటి ఏడాది తర్వాతి విత్తుకాలంలో విత్తనం చుట్టం ఇంటి నుంచి వచ్చిందా, ఊరి బ్యాంకు నుంచా, మండల కేంద్రంలో షావుకారు కొట్టు నుంచా అని ఇంటింటా అడిగి రాసుకోవాలి.

ఈ ప్రశ్నకు ఇప్పుడు కొత్త జవాబు ఒకటి చేరింది. కుంద్రా బాటి, లక్ష్మీపూర్ కాలియా, మల్యబంత మామి, గుప్తేశ్వర్ భారతి అనే నాలుగు నాటు చోడి రకాలను ఒడిశా అధికారికంగా విడుదల చేసింది. వాటి విత్తనం ఇకపై ప్రభుత్వ విత్తన వ్యవస్థలోనూ పెరుగుతుంది, సర్టిఫికెట్‌తో సంచుల్లో వస్తుంది. పేర్లలో ఊళ్లున్నాయి, గుర్తింపు నాటు రకానిదే, ఇది మెచ్చదగ్గ అడుగు. అయినా డిపోలో కొన్న కుంద్రా బాటినీ, తల్లి గాదెలోంచి కూతురు పట్టుకెళ్లిన కుంద్రా బాటినీ ఒకే వరుసలో కూడకూడదని నా వాదన. మొదటిది సరఫరా, రెండోది పరిరక్షణ. పట్టికలో వాటికి వేర్వేరు గళ్లు గీయాలి.