మనిషిని పసిగట్టే దీపం

భూపాలపల్లి సమీపాన చెల్పూరులో ఉన్న కాకతీయ తాప విద్యుత్కేంద్రం వంటి చోట ఒక యూనిట్ విద్యుత్తు పుట్టడానికి ఇంచుమించు 600 నుండి 700 గ్రాముల బొగ్గు మండవలసి ఉంటుంది. జనగామలోని ఒక బడిని ఊహించుకొందాము. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయిన తరువాత ఒక తరగతి గదిలో ఆరు 20 వాట్ల దీపాలు అయిదు గంటలసేపు వెలుగుతూ ఉండిపోతే ఖర్చయ్యేది 0.6 యూనిట్. అనగా దాదాపు 400 గ్రాముల బొగ్గు, ఎవరికీ ఉపయోగపడకుండా! ఇది ఒక్క గదికి, ఒక్క పూటకు వచ్చే లెక్క. దీపాలు ఆర్పవలెనని గోడ మీద వ్రాసి పెట్టినంత మాత్రాన ఆర్పేవారు కనబడరు. గదిలో మనిషి ఉన్నాడో లేడో దీపమే తెలుసుకొంటే ఈ బెడద ఉండదు. అయితే అందుకు కావలసిన విద్య దీపాల కోసం పుట్టినది కాదు.

1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఏ రంగులో ఎంత వేడి ఉన్నదో ఉష్ణమాపకాలతో కొలిచినాడు. ఎరుపుకు ఆవల, కంటికి ఏమీ కనబడని చోట ఉంచిన ఉష్ణమాపకంలో పాదరసం ఇంకా ఎక్కువ పైకి లేచినది. పరారుణ కిరణాలు అలా బయటపడినవి. వేడిగా ఉన్న ప్రతి వస్తువూ వీటిని వెదజల్లుతుంది. సుమారు 34 డిగ్రీల వేడి ఉండే మన చర్మం నుండి వచ్చే కిరణాలలో ప్రబలమైన వాటి తరంగదైర్ఘ్యం 9.4 మైక్రాన్లు. 1830 దశకంలో ఇటలీ దేశస్థులు నోబిలి, మెల్లోని కలసి రూపొందించిన ఉష్ణవిద్యుత్ సాధనం దాదాపు 30 అడుగుల దూరాన నిలిచిన మనిషి వేడిని కూడ గుర్తించగలిగినదని ప్రసిద్ధి. మనిషి ఉనికిని పసిగట్టిన మొదటి సాధనాలలో దానిని చేర్చవచ్చును.

నేటి శోధకంలో ఉన్న కీలకం మరొక దారిన వచ్చినది. 18వ శతాబ్దారంభంలో డచ్చి వర్తకులు సింహళం నుండి టూర్మలీన్ అనే రాయిని ఐరోపాకు తీసుకుపోయినారు. నిప్పులపై వేడెక్కిన ఆ రాయి బూడిదను ఆకర్షించేది. వేడి మారినప్పుడు దానిలో విద్యుదావేశం పుట్టడమే ఇందుకు కారణం. 1824లో బ్రూస్టర్ ఈ ధర్మానికి పైరోవిద్యుత్తు అని పేరు పెట్టినాడు. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా గమనించవలెను. ఆవేశం పుట్టేది వేడి ఉన్నందువలన కాదు, వేడి మారినందువలన. అందుకే ఈ జాతి స్ఫటికాలతో చేసిన శోధకానికి కదలక కూర్చున్న మనిషి కనబడడు. దాని ముందుండే తెల్లని ప్లాస్టిక్ కటకం గదిని అనేక చీలికలుగా విభజిస్తుంది. మనిషి ఒక చీలిక నుండి మరొక దానిలోకి అడ్డంగా దాటినప్పుడు సంకేతం బలంగా వస్తుంది. శోధకానికి ఎదురుగా నడచి వచ్చేవాడు ఆలస్యంగా చిక్కుతాడు.

రెండవ జాతి శోధకాలకు గబ్బిలమే గురువు. గబ్బిలాలు మన చెవికి అందని ధ్వనులను చేస్తాయని 1938లో అమెరికాలో పియర్స్, గ్రిఫిన్ నిరూపించినారు. తరంగాలను పుట్టించేది గాని గ్రహించేవాడు గాని కదులుతుంటే వాటి పౌనఃపున్యం మారినట్లు తోస్తుందని 1842లోనే డాప్లర్ చెప్పియున్నాడు. ఈ రెండూ కలసి 1950 దశకంలో దొంగలను పట్టే అతిధ్వని సాధనంగా రూపొందినవి. 1973 చమురు సంకటం తరువాత పొదుపు అవసరమై, దొంగల కోసం చేసిన కాపలాదారులే దీపాల స్విచ్చులుగా మారినవి. భారతదేశంలో 2007లో వెలువడిన ఇంధన పొదుపు భవన నిబంధనావళి పెద్ద భవనాలలోని తరగతి గదులకు, సమావేశ మందిరాలకు, సామాను గదులకు ఉనికి శోధకాలు ఉండవలెనన్నది. కాని ఏ గదికి ఏ జాతి నప్పుతుందో ఎంచుకొనే బాధ్యత ఇంజనీరుదే.

ఈ ఎంపికలో చలిదేశాల అనుభవం మనకు పూర్తిగా అక్కరకు రాదు. చలికాలపు ఉదయాన గోడ 18 డిగ్రీలు, చర్మం 34 డిగ్రీలు ఉన్నప్పుడు పరారుణ శోధకానికి మనిషి స్పష్టంగా కనబడతాడు. మే నెలలో మహబూబాబాద్‌లో కాంక్రీటు కప్పు కింద గోడలు కూడ 34 డిగ్రీలకు చేరినప్పుడు తేడా నశించి, మనిషి గోడలో కలసిపోతాడు! గోడ ఇంకా వేడెక్కితే మనిషి చల్లని మచ్చగా మారి మరల కనబడతాడు. ఆ నడిమి స్థితిలోనే చిక్కు. పోనీ, అతిధ్వనిని వాడుదామంటే మన గదులలో పంకాలున్నవి. తిరిగే రెక్కలు, రెపరెపలాడే కాగితాలు దానికి మనుషులవలెనే తోస్తాయి. దీపం ఇక ఆరదు.

కనుక తరగతి గదికి పరారుణమే మేలు. కాని ఆరిపోయే వ్యవధి 15, 20 నిమిషాలకు తగ్గించరాదు. లేకపోతే పరీక్ష వ్రాసే పిల్లలు తల వంచుకొని నిశ్చలంగా ఉన్న సమయాన చీకటి పడుతుంది. మరుగుదొడ్లలో పంకా ఉండదు, అడ్డుగోడలుంటవి. పరారుణం గోడను దాటి చూడలేదు. అతిధ్వని తలుపుల పై సందులగుండా మళ్ళి లోపలికి చేరుతుంది. అక్కడ అదే తగినది. కేసముద్రం వంటి మార్కెట్ల గిడ్డంగులలో బస్తాల దొంతరల నడుమ సన్నని దారులుంటవి. ప్రతి దారికీ ఒక పరారుణ శోధకాన్ని, నడిచేవాడు అడ్డంగా దాటేచోట, అమర్చవలెను. కటకంపై చేరే దుమ్మును తరచు తుడవకపోతే అది మూసిన కన్నే. మైక్రోతరంగ శోధకాలూ ఉన్నవి. జగదీశ్ చంద్ర బోసు 1895లో కలకత్తాలో గోడలగుండా పంపి గంట మ్రోగించినది ఆ జాతి తరంగాలనే. పలుచని తడికెలు వాటికి అడ్డు కావు. అందువలన వరండాలో పోయేవారికి కూడ గదిలో దీపం వెలుగుతుంది.

పరారుణ శోధకం ఉన్న బడిలో ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. దాని ముందు కిటికీ గాజు పలకను పట్టి, ఒక విద్యార్థిని గదికి అడ్డంగా నడవమనవలెను. గాజు గుండా ఆ పిల్లవాడు మన కంటికి చక్కగా కనబడుతూనే ఉంటాడు. 9.4 మైక్రాన్ల కిరణాలకు మాత్రం గాజు ఇటుక గోడతో సమానం. దీపం వెలగదు.